పెట్ట పొదిగిన చరిత్ర

తెలుగు వాఙ్మయంలో కోడిపుంజుకు దక్కిన చోటు కోడిపెట్టకు దక్కలేదు. 12వ శతాబ్దపు పల్నాటి కథలో నాగమ్మ పుంజు గెలిచింది, బ్రహ్మనాయుడి పుంజు ఓడింది, మాచెర్లవారు ఏడేళ్ళు రాజ్యం విడిచి వెళ్ళారు. ఈ ముచ్చట తెలియని తెలుగువారు అరుదు. 15వ శతాబ్దంలో వచ్చిన క్రీడాభిరామంలో ఓరుగల్లు వీథుల్లోని కోడిపందెం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. అంతకు ముందే 13వ శతాబ్దంలో కేతన దశకుమారచరిత్రను తెనిగించాడు. దానికి మూలమైన దండి గ్రంథంలో ప్రమతి అనే కుమారుడు శ్రావస్తికి పోతూ దారిలో ఒక పందెం చూస్తాడు. అందులో ఒక పుంజుది నారికేళ జాతి, మరొకదానిది బలాక జాతి. ఇక మన కుక్కుట శాస్త్రమైతే కాకి, డేగ, నెమలి, సేతువ, పింగళ, కౌజు అంటూ ఈకల రంగును బట్టి పేర్లు పెట్టి, ఏ రోజున ఏ దిక్కున ఏది గెలుస్తుందో లెక్కలు కట్టింది.

ఈ పుంజులన్నీ ఒకనాడు గుడ్లే. ఆ గుడ్లను పెట్టి, తిండి మాని ఇరవై ఒక్క రోజులు వాటి మీద కూర్చుని, పిల్లలను గద్దకు చిక్కకుండా కాచినది పెట్ట. ఆ పెట్టను ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని గుడ్ల మీద కూర్చోబెట్టాలో తెలిసినది ఇంటి ఆడమనిషి. ఈ ఇద్దరి ఊసూ మన గ్రంథాలలో వెతికి పట్టుకోవలసినంత అరుదు. పందెం మగవాళ్ళ సభలో జరిగింది కనుక పద్యమైంది. పొదుగు వంటింటి మూలన, బియ్యపు బుట్ట పక్కన, చీకట్లో జరిగింది కనుక ఎవరి కలానికీ ఎక్కలేదు.

అయితే పెరటికోడి పెంపకంలోని ఎత్తుపల్లాలన్నిటికీ మూలం ఆ చీకటి మూలనే ఉందని నా అభిప్రాయం. పెంపకం ఎప్పుడు పుంజుకుంది, ఎప్పుడు కుంగింది అని అడిగితే, పొదుగు ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో చూసుకుంటే చాలు. ఈ వ్యాసంలో ఆ దారినే పోదలచాను. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్‌కు పోయే రోడ్డు మీద, ఇబ్రహీంపట్నం దారిలో ఉన్న మన్నెగూడను మనసులో ఉంచుకుని దీనిని రాస్తున్నాను. చల్క నేలలు, చెరువులు, జొన్న, ఆముదం చేలు ఉన్న సీమ ఇది. కుతుబ్‌షాహీల నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఒకవైపు, ఆ ఆవల పద్మనాయకుల రాచకొండ గుట్టలు. ఇక్కడి పల్లెలలో కోడి లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. ఈ సీమకు మరొక విశేషం కూడా ఉంది. పెరటికోడి భవిష్యత్తును నిర్ణయించిన పరిశోధనశాల ఇదే జిల్లాలో, రాజేంద్రనగర్‌లో ఉంది. ఆ సంగతికి తరువాత వస్తాను.

ముందు కోడి ఎక్కడిదో చూద్దాం. పెంపుడుకోడి అడవికోడి నుంచి వచ్చిందనీ, దాని మూలం ఒక్కటేననీ 1868లోనే డార్విన్ వాదించాడు. 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో 863 కోళ్ళ జన్యుపటాలను పోల్చి చూశారు. నైరుతి చైనా, ఉత్తర థాయిలాండు, మయన్మారు ప్రాంతాల ఎర్ర అడవికోడి ఉపజాతి ఒకటి మన ఇంటికోడికి పూర్వీకురాలని అందులో తేలింది. అక్కడి నుంచి బయలుదేరిన కోడి, దారిలో తగిలిన అడవికోళ్ళతో కలిసింది. మన దేశంలోనూ అదే జరిగింది. కోడి కాలికీ చర్మానికీ ఉండే పసుపు రంగు దక్షిణాది బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో మరొక అధ్యయనం చెప్పింది. అంటే ఈ దక్కను అడవులు కూడా ప్రపంచంలోని కోడికి ఒక రంగును ఇచ్చాయన్నమాట.

కోడి మనిషి దగ్గరకు ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు 2022లో వచ్చిన జవాబు మరీ ముచ్చటైనది. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన, క్రీ.పూ. 1650-1250 నాటి ఎముకలే తిరుగులేని తొలి పెంపుడుకోడి ఎముకలని ఆ పరిశోధకులు అన్నారు. మెట్టవరి, చిరుధాన్యాలు పండించే చోట రాలిన గింజల కోసం అడవికోడి ఊరి చేరువకు వచ్చి ఉంటుందని వారి ఊహ. కళ్ళంలో రాలిన గింజే కోడిని మనకు మచ్చిక చేసిందన్నమాట. ఈ మాట గుర్తుంచుకోవాలి. కళ్ళం పోయిన నాడు కోడికి ఏమవుతుందో ఊహించడానికి ఇది పనికివస్తుంది.

మన శిష్ట సాహిత్యంలో పెట్ట ఎందుకు లేదో అనడానికి మరొక కారణం కూడా కనిపిస్తుంది. మనుస్మృతి ద్విజులకు ఊరకోడిని నిషేధించింది. పతంజలి తన మహాభాష్యంలో ఒక తర్కానికి ఉదాహరణగా, ఊరకోడి తినరానిది అన్నామంటే అడవికోడి తినదగినదని తెలిసిపోతుంది కదా అంటాడు. అంటే ఈ నిషేధం ఆయన కాలానికే అందరికీ తెలిసిన మాట. అశోకుడి అయిదవ స్తంభశాసనం పుంజులకు వట్టలు తీయరాదని ఆజ్ఞాపించింది. పెంటకుప్ప మీద ఏరుకు తినే పక్షి కాబట్టి అగ్రవర్ణాల ఇళ్ళలో దానికి చోటు లేకపోయింది. ఉన్న చోటల్లా అది పేదల ఇళ్ళలోనే, ఆ ఇళ్ళలోనూ ఆడవాళ్ళ చేతిలోనే ఉంది. కలం పట్టినవాడి ఇంట్లో కోడి లేదు, కోడి ఉన్న ఇంట్లో కలం లేదు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారేదెలా అనుకున్న ముసలమ్మ మీద మనకు సామెత ఉంది. ఆమెను నవ్వులాటగా చెప్పుకున్నాం కానీ, ఆ ముసలమ్మకు ఉన్న మొత్తం ఆస్తి ఆ రెండేనన్న సంగతి సామెతలోనే ఉంది.

ఆ ఆస్తి ఎలా పెరిగేదో చూడాలి. నాటుపెట్ట ఒక విడతలో పది పదిహేను గుడ్లు పెట్టి, ఆపై పొదుగుకు వస్తుంది. గొంతు మారుతుంది, గూడు విడవదు, దగ్గరకు పోతే ఈకలు నిక్కబొడుచుకుని కసురుతుంది. రొమ్ము కింది ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. ఆ చర్మానికి రక్తం ఎక్కువగా చేరి, గుడ్లకు సుమారు 37.5 డిగ్రీల వేడి అందుతుంది. రోజుకొక్కసారి గంప దిగి నాలుగు గింజలు తిని, నీళ్ళు తాగి, రెట్ట వేసి మళ్ళీ ఎక్కుతుంది. రోజంతా గుడ్లను ముక్కుతో తిప్పుతూ ఉంటుంది. తిప్పకపోతే పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. ఇదంతా దానికి ఎవరూ నేర్పలేదు.

ఇల్లాలి పని అంతకు ముందే మొదలవుతుంది. ఏ గుడ్లు అమ్మాలి, ఏవి వండాలి, ఏవి పొదిగేయాలి అన్న నిర్ణయం ఆమెది. అమ్మితే ఇవాళ ఉప్పు, చింతపండు వస్తాయి. పొదిగేస్తే నాలుగు నెలలకు కోళ్ళు వస్తాయి. ఇంట్లో ఇవాళ్టికి గడిచినవారే పొదిగేయగలరు. ఏ పెట్ట తల్లిగా నమ్మకమైనదో, ఏది మధ్యలో గూడు వదిలేస్తుందో ఆమెకు తెలుసు. పొదగడానికి తీసిన గుడ్లను ధాన్యంలోనో, చల్లని ఇసుకలోనో దాచేది. తట్టలో వరిగడ్డో, ఊకో పరచి పది పన్నెండు గుడ్లు పెట్టేది. వారం తరువాత దీపపు వెలుగుకు అడ్డం పెట్టి చూసి, నరాలు కనిపించని గుడ్డును తీసేసేది. పిల్లలు కావద్దనుకున్న పెట్ట పొదుగుకు వస్తే నీళ్ళలో ముంచడమో, ముక్కులో ఈక గుచ్చడమో చేసి మరపించేది. బాతుగుడ్లు దొరికితే వాటినీ కోడి కిందనే పెట్టేది. బాతుగుడ్డుకు 28 రోజులు పట్టినా కోడి ఓపికగా కూర్చుంటుంది. పిల్లలు దిగాక నూకలు, జొన్నరవ్వ, దొరికితే చెదలు. తడిపిన పేడ, గడ్డి పెట్టిన కుండను రాత్రి పుట్ట దగ్గర బోర్లించి తెల్లవారి తీస్తే పిల్లలకు చెదలు దొరికేవి. ఈ జ్ఞానాన్ని మనం శాస్త్రం అని పిలవలేదు. పుంజు రంగులను బట్టి జోస్యం చెప్పేదానికి మాత్రం శాస్త్రమని పేరు పెట్టాం.

కోడి లేని ఇంటికి కోడి చేరే దారి కూడా ఉండేది. మన వైపు గొర్రెనూ, బర్రెనూ పాలుకు ఇచ్చినట్టే కోడినీ ఇచ్చేవారు. ఒకరి పెట్టను మరొకరు తెచ్చి పొదిగించి, పెరిగిన పిల్లలను పంచుకునేవారు. తూర్పుగోదావరి మన్యంలోని ఆదివాసుల మధ్య ఇదే ఏర్పాటును వాటా అంటారని, అసీల్ కోళ్ళు అలాగే ఇంటినుంచి ఇంటికి చేరేవని, అంత్ర అనే సంస్థకు చెందిన పశువైద్యులు నమోదు చేశారు. డబ్బు లేకుండా ఆస్తి పుట్టించే పద్ధతి ఇది. దీనికి కావలసిన పెట్టుబడి ఒక్కటే, పొదిగే పెట్ట. ఆ వచ్చిన సొమ్ము ఇంటి మగవాడి లెక్కలోకి పోకపోవడం ఇందులోని అసలు విశేషం. పలకకూ, గాజులకూ, పోచమ్మ, మైసమ్మ మొక్కులకూ, అల్లుడు వచ్చిన నాటి కూరకూ ఆమె ఎవరినీ అడగనక్కర లేకపోయింది.

ఇదంతా సుఖంగా సాగిందని అనుకోరాదు. పొదుగు ఎంత గొప్పదో అంత బలహీనమైనది. ఎండాకాలంలో గుడ్లు చెడుతాయి. చల్లగా, 20 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే గుడ్డులోని పిండం నిద్రలో ఉంటుంది. దానికి పైన, కానీ పొదుగు వేడికి దిగువన ఉంటే సగంసగంగా పెరగడం మొదలుపెట్టి చచ్చిపోతుంది. తెలంగాణ వేసవిలో ఇంట్లో దాచిన గుడ్డుకు జరిగేది అదే. తొలకరి ఉరుములకు గుడ్లు మురిగిపోతాయని నమ్మి కొన్ని ఇళ్ళలో తట్టలో ఇనుపముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ పెట్టేవారు. చెడగొట్టినది ఉరుము కాదు, అంతకు ముందు గడిచిన ఎండ. అయినా గుడ్లు ఏ కాలంలో చెడుతున్నాయో వాళ్ళు సరిగానే గమనించారు. దిగిన పిల్లలలో కొన్నింటిని గద్ద, కొన్నింటిని పిల్లి, ముంగిస తీసుకుపోయేవి. సగం దక్కితే అదృష్టమే. ఏడాది మొత్తం మీద నాటుపెట్ట పెట్టే గుడ్లు 50, 60కి మించవు. ఎందుకంటే పొదుగులో మూడు వారాలు, పిల్లలతో మరి రెండు నెలలు దానికి గుడ్లు పెట్టే తీరిక ఉండదు.

వీటన్నిటినీ తట్టుకున్నా, తట్టుకోలేనిది కొక్కెర తెగులు. ఆకుపచ్చ పారుడు, నోరు తెరిచి ఎగశ్వాస, మెడ వంకర, రెక్క వాలడం, రెండు మూడు రోజులలో గూడు ఖాళీ. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ జావాలోనూ దీనిని గుర్తించారు. మరుసటి ఏడు, 1927లో, మన కుమావూఁ కొండలలోని రాణీఖేత్‌లో కనపడింది. అందుకని మన దేశంలో దానికి రాణీఖేత్ వ్యాధి అని పేరు. ఆ కొండలలోనే ఉన్న ముక్తేశ్వర్ పరిశోధనశాలలో 1940లలో వైరసును బలహీనపరచి టీకా తయారు చేశారు. దాని వారసురాలైన ఆర్‌2బి టీకాను ఎనిమిది వారాల వయసున నేటికీ వేస్తున్నారు. అంటే ఈ తెగులుకు మందు దొరికి ఎనభై ఏళ్ళు దాటింది. అయినా ఊళ్ళలో కోళ్ళు చస్తూనే వచ్చాయి. కారణం మందు లేకపోవడం కాదు, మందు సీసా పరిమాణం. టీకా వంద, రెండు వందల మోతాదుల సీసాలలో వస్తుంది. చల్లని పెట్టెలో తేవాలి. ఒకసారి కలిపితే గంటా రెండు గంటలలో వాడేయాలి. ఎనిమిది కోళ్ళున్న ఇల్లాలికి అది ఎలా పనికివస్తుంది? ఫారానికి సరిపడా కుట్టిన చొక్కా పెరటికి తొడగాలని చూశాం. ఆస్ట్రేలియాలో ఊరికోళ్ళ కోసమే వేడిని కొంత తట్టుకునే ఐ-2 అనే టీకా విత్తనాన్ని తయారు చేసి ఆఫ్రికా దేశాలలో వాడారు. అవసరాన్ని పెరటి వైపు నుంచి చూస్తే పరిష్కారం ఎలా మారుతుందో అది చూపింది.

ఇక పొదుగు పెట్ట కింద నుంచి యంత్రంలోకి ఎలా పోయిందో చూద్దాం. ఈజిప్టులో గుడ్లను పేడకుప్పలలో పాతి పొదిగిస్తారని అరిస్టాటిల్ రాశాడు. ఆ తరువాత అక్కడ మట్టిపొయ్యిల పొదుగిళ్ళు వెలిశాయి. ఉష్ణమాపకం లేని ఆ పనివాళ్ళు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి తెలుసుకునేవారు. ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమూర్ ఆ విద్యను తన దేశానికి తేవాలని ప్రయత్నించి 1749లో ఒక పుస్తకమే రాశాడు. 19వ శతాబ్దం చివరికి అమెరికాలో వేడిని అదుపులో ఉంచే పెట్టెలు అంగళ్ళకు వచ్చాయి. అక్కడ కోడిపిల్ల స్వభావంలోని ఒక చిన్న విషయం వ్యాపారాన్ని నిలబెట్టింది. గుడ్డు పగలడానికి ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను కడుపులోకి లాక్కుంటుంది. దానితో రెండు మూడు రోజులు తిండీ నీళ్ళూ లేకుండా బతుకుతుంది. ముందు పుట్టిన పిల్ల, వెనక పుట్టే తోబుట్టువుల కోసం తల్లి గూడు వదలకుండా ఆగగలగడానికి ప్రకృతి ఇచ్చిన గడువు అది. ఆ గడువునే మనిషి రవాణాకు వాడుకున్నాడు. 1918 నుంచి అమెరికా తపాలాశాఖ ఒక్కరోజు పిల్లలను పార్సెలుగా తీసుకోసాగింది. తల్లి అక్కర లేని పిల్ల అప్పుడు తయారైంది.

మన దగ్గర ఈ మార్పు స్వాతంత్ర్యం తరువాత వచ్చింది. రెండవ పంచవర్ష ప్రణాళికలో, 1956-61 మధ్య, కోళ్ళ అభివృద్ధి ఒక జాతీయ కార్యక్రమమైంది. యూనిసెఫ్ తదితర సంస్థల తోడ్పాటుతో పోషకాహార కార్యక్రమం 1960 ప్రాంతాల ఒరిస్సా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో ముందుగా మొదలైంది. ఊళ్ళలో తెల్ల లెగ్‌హారన్, రోడ్ ఐలాండ్ రెడ్ కోళ్ళు అడుగుపెట్టాయి. నాటుపుంజును ఇచ్చి సీమపుంజును తీసుకోండనే పథకాలు వచ్చాయి. గుడ్డు పెద్దదైంది, లెక్క పెరిగింది. కానీ లెగ్‌హారన్ పొదుగుకు కూర్చోదు. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టదు కనుక, తరతరాలుగా ఆ గుణాన్ని ఏరి పారేసి తయారు చేసిన జాతి అది. దాని రక్తం కలిసిన చోటల్లా గుడ్లు పెరిగి తల్లులు తగ్గాయి.

ఆ తరువాతి అధ్యాయం తెలుగువారు గర్వించేది. బండా వాసుదేవరావు 1971లో వెంకటేశ్వర హ్యాచరీస్ స్థాపించారు. దళారులు ధర నిర్ణయించే తీరుకు అడ్డుకట్టగా రైతులు ధరను తామే ప్రకటించుకునే నెక్ అనే సంఘం 1982లో ఆయన చొరవతోనే ఏర్పడింది. 1990లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. హైదరాబాదు చుట్టుపక్కల, రంగారెడ్డి జిల్లా అంతటా రేకుల షెడ్లు లేచాయి. గుడ్డు సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. ఇది చిన్న మేలు కాదు, దీనిని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. అయితే అదే సమయంలో పొదుగు పూర్తిగా కంపెనీ గదిలోకి పోయింది. ఫారం రైతు పిల్లను కొంటాడు, పెంచుతాడు, అమ్ముతాడు, మళ్ళీ కొంటాడు. తన కోడి గుడ్డు నుంచి తన మరుసటి కోడిని తీయలేడు. గుడ్లజాతి పిల్లలలో మగవి పుట్టిన రోజునే చస్తాయి. పెరట్లో పుంజుపిల్లకు విలువ ఉంది, హ్యాచరీలో లేదు. ఈ చంపుడును జర్మనీ 2022 నుంచి నిషేధించింది.

ఇందులో ఒక చిత్రమైన బంధుత్వం దాగి ఉంది. మన దేశపు అసీల్ పుంజులను ఇంగ్లీషువారు 19వ శతాబ్దంలో తమ దేశానికి తీసుకుపోయి కార్న్‌వాల్‌లో కార్నిష్ అనే జాతిని తయారు చేశారు. వెడల్పు రొమ్ము దాని సొత్తు. 1948లో అమెరికాలో జరిగిన రేపటి కోడి అనే పోటీలో గెలిచినది కార్నిష్ రక్తపు సంకరమే. నేటి బ్రాయిలరుకు ఒక పూర్వీకురాలు ఆ కార్నిష్. అంటే పందెపు పుంజు సముద్రం దాటి, ఐదారు వారాలలో రెండు కిలోలు తూగే మాంసమై సాగర్ రోడ్డు పక్కన చికెన్ దుకాణానికి తిరిగివచ్చింది. పుంజు వారసత్వం ఇలా కూడా నిలిచింది. పెట్ట పొదుగు మాత్రం ఆ ప్రయాణంలో ఎక్కడో రాలిపోయింది.

పెరటికోడి పూర్తిగా అంతరించిపోతుందన్న దశలో దాని వైపు చూసినది రాజేంద్రనగర్ సంస్థ. భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో అక్కడ కోళ్ళ పరిశోధనకు ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పింది. అక్కడ రూపొందినవే వనరాజ, గ్రామప్రియ. రంగు ఈకలు, ఎండను, పెరటి తిండిని తట్టుకునే శక్తి, నాటుకోడిని తలపించే రూపం వీటి లక్షణాలు. వనరాజ పెరట్లో ఏడాదికి 100 నుంచి 110, గ్రామప్రియ 160 నుంచి 180 గుడ్లు పెడతాయి. నాటుపెట్టకు రెండు మూడు రెట్లు. అసీల్ నుంచే మెరుగుపరచిన వనశ్రీ కూడా ఈ సంస్థదే. పిల్లవాడి కంచంలో గుడ్డు పడాలనుకునే తల్లికి ఈ లెక్క చాలా పెద్దది.

కానీ ఇక్కడ కూడా ఆ పాత బేరమే. వనరాజకూ గ్రామప్రియకూ పొదుగు గుణం లేనట్టే. పిల్లలకు తల్లి ఉండదు కనుక, నాలుగు వారాలదాకా వాటిని దీపపు వేడిలో పెంచి ఇవ్వాలి. పేద కుటుంబానికి 45 పిల్లల చొప్పున ఇచ్చే కేంద్ర పథకం 2009-10లో మొదలైంది. పిల్లలను అలా పెంచి ఇచ్చే షెడ్లకు ఆ పథకం పెట్టిన పేరు మదర్ యూనిట్లు. తల్లి అనే మాట మిగిలింది, పెట్ట మిగలలేదు. షెడ్డు దగ్గరగా ఉండి, పథకానికి డబ్బు వచ్చినంతకాలం ఆ ఇంట కోళ్ళు ఉంటాయి. అవి ముసలివైన తరువాత మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. పాలుకు తెచ్చిన ఒక్క పెట్టతో మూడేళ్ళలో పది ఇళ్ళకు కోళ్ళు చేరిన పద్ధతి ఇందులో సాధ్యం కాదు. అందుకే తెలిసిన ఇల్లాళ్ళు ఒక ఉపాయం చేస్తారు. గుడ్లకు గ్రామప్రియను ఉంచుకుని, పొదుగుకు ఒకటి రెండు నాటుపెట్టలను విడవకుండా ఉంచుకుంటారు. ఏ కరపత్రం చెప్పినా చెప్పకపోయినా, పెరటి లెక్కలో ఇది అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు.

2019 పశుగణన అంకెలు చూస్తే పెరటికోడి మళ్ళీ లేచినట్టు కనబడుతుంది. దేశంలోని 85.18 కోట్ల కోళ్ళలో పెరటివి 31.7 కోట్లు. 2012తో పోలిస్తే పెరటికోళ్ళు 45.8 శాతం పెరిగాయి, ఫారం కోళ్ళు 4.5 శాతమే. సంతోషించవలసిన అంకెలే. అయితే గణనలో పెరటికోడి అంటే పెరట్లో ఉన్న కోడి. అది పెరట్లోనే పుట్టిందా, హ్యాచరీ నుంచి వచ్చిందా, తన మరుసటి తరాన్ని తాను పొదగగలదా అన్నది ఆ అంకెలో తెలియదు. నేను అడిగే ప్రశ్న మాత్రం అదే.

రోగం విషయంలోనూ ఫారం, పెరడు ఒకే తాటికి కట్టబడ్డాయి. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశంలో తొలిసారి బర్డ్ ఫ్లూ బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాలలో, ఆ ఏప్రిల్‌లో రంగారెడ్డి జిల్లాలోనే ఒక ఫారంలో కనపడింది. వ్యాధి కనపడిన చోటు నుంచి కిలోమీటరు పరిధిలో ఉన్న కోళ్ళన్నిటినీ చంపాలన్నది నియమం. ప్రజారోగ్యం దృష్ట్యా అది అవసరమే. అయితే వేల కోళ్ళ షెడ్డు మళ్ళీ పిల్లలను కొని నింపుకుంటుంది. ఆ కిలోమీటరులోని ముసలమ్మ గంప కింద ఉన్న పెట్టతో పాటు, పదిహేనేళ్ళుగా ఏరి నిలుపుకున్న నమ్మకమైన తల్లుల వరుస పోతుంది. పరిహారం కోడికి కట్టిస్తారు. ఆ వరుసకు ధర లేదు.

నేటి మన్నెగూడలో ఈ కథ మరొక మలుపు తీసుకుంది. బొంగుళూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. చేలు ప్లాట్లయ్యాయి, కళ్ళాలు లేఔట్లయ్యాయి. జొన్న కోత లేదు కనుక రాలిన గింజ లేదు. పశువులు తగ్గాయి కనుక పెంటకుప్ప లేదు, పురుగు లేదు. పెరడు సిమెంటు అయింది. మూడు వేల ఏళ్ళ కిందట ఏ రాలిన గింజ కోడిని మనిషి దగ్గరకు తెచ్చిందో, ఆ గింజే ఇప్పుడు లేదు. విచిత్రం ఏమంటే ఇదే కాలంలో నాటుకోడికి గిరాకీ పెరిగింది. బోనాల నాడు, ఆదివారం నాడు దానికోసం నగరం ఊళ్ళ మీదికి వస్తుంది. దానిని అందుకోవడానికి కొందరు యువకులు యాభై అరవై గుడ్లు పట్టే కరెంటు పెట్టెలు కొని మేడ మీద పొదిగిస్తున్నారు. కరెంటు పోయిన రాత్రి ఆ పెట్టె ఉత్త పెట్టే. అయినా ఈ ప్రయత్నాన్ని నేను మెచ్చుకుంటాను. పొదుగు కంపెనీ నుంచి మళ్ళీ ఇంటికి రావడానికి అదీ ఒక దారే. కాకపోతే పూర్వం అది ఇల్లాలి చేతిలో ఉండేది, ఇప్పుడు పెట్టె కొనగలిగినవాడి చేతిలో ఉంది.

పాతదంతా మంచిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఏడాదికి యాభై గుడ్లు, సగం పిల్లలు గద్దపాలు, కొక్కెరకు గూడు ఖాళీ కావడం ఎవరూ తిరిగి కోరుకోదగినది కాదు. టీకా కావాలి, అదీ పది కోళ్ళకు సరిపడే సీసాలో కావాలి. మంచి పుంజు కావాలి. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్ట కావాలి. వీటన్నిటితో పాటు గుడ్ల మీద కూర్చునే పెట్ట కూడా కావాలి. గుడ్ల లెక్కలో అది నష్టంలాగా కనిపిస్తుంది. మూడు నెలలు గుడ్డు పెట్టని కోడిని ఏ లెక్కలవాడూ మెచ్చడు. కానీ ఎవరినీ అడగకుండా మరుసటి ఏటికి కోడిని ఇచ్చేది అది ఒక్కటే.

పిల్ల గుడ్డులో ఉండగానే, పుట్టడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, లోపల కిచకిచమంటుంది. పెట్ట బయటి నుంచి మెల్లగా గొణుగుతూ బదులిస్తుంది. తల్లి గొంతును పిల్ల పెంకులోనే నేరుస్తుందని శాస్త్రజ్ఞులు తేల్చారు. మన్నెగూడ వైపు పల్లెలలో ఇప్పటికీ తట్ట దగ్గర చెవి పెట్టి ఆ చప్పుడు విని, రేపు పిల్లలు దిగుతాయని చెప్పగల ముసలమ్మలు ఉన్నారు. ఏ పెట్ట ఎలాంటిదో, ఏ నెలలో ఎన్ని గుడ్లు పెట్టాలో, పిల్లకు మొదటి రోజు ఏమి వేయాలో వారికి నోటికి వచ్చు. పుంజుల శాస్త్రాన్ని రాసి దాచుకున్నాం. ఈ ముసలమ్మలు ఉండగానే వారిని అడిగి పెట్టల శాస్త్రాన్ని కూడా రాసి పెట్టుకోవలసి ఉంది.